కోటి ఉన్న రైతు, జూన్ ఫీజు

(ఒక ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయంలో రిటైరైన బ్యాంకు అధికారి ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన ఊళ్లో ఏ సభకెళ్లినా ఇదే వరస, ముందు కుర్చీలు ఎప్పుడూ ఖాళీ. రండమ్మా, రండి.

కరపత్రంలో నా ప్రసంగానికి "ఆర్థిక సంస్థల్లో ఆస్తులు, బాధ్యతల నిర్వహణ" అని పేరు పెట్టారు. అది చూసి మా ఆవిడే అంది, ఈ పేరు చదివి ఎవరొస్తారండీ అని. మీరు వచ్చారు. బయట వాన కూడా ఉందనుకోండి, అదీ ఒక కారణం కావచ్చు. బాధ్యతలంటే ఇక్కడ తీర్చాల్సిన అప్పులు. బ్యాంకుల్లో దీన్ని ఏఎల్ఎం అంటాం. పేరు ఏదైనా అసలు సంగతి మీ అందరికీ తెలిసిందే. తెలిసిందే అని ఎందుకంటున్నానో చెప్తా.

ఒక రైతు ఉన్నాడు. ఐదెకరాల మాగాణి. ఎకరం ఇరవై లక్షలు అనుకుందాం. ఇరవైకి ఎక్కడొస్తుందండీ అని నవ్వకండి, లెక్క తేలిగ్గా ఉంటుందని. అంటే కోటి రూపాయల ఆస్తి. అప్పు అంతా కలిపి నాలుగు లక్షలు. జూన్ పదో తారీఖు లోపల కొడుక్కి కాలేజీ ఫీజు లక్షన్నర కట్టాలి. ధాన్యం డబ్బు సంక్రాంతికి గానీ చేతికి రాదు. ఇప్పుడు చెప్పండి, ఇతను ఉన్నవాడా, లేనివాడా?

ఉన్నవాడే అంటున్నారు. నిజమే, ఉన్నవాడే. కానీ జూన్ పదిన?

జూన్ పదిన ఇతని ముందు మూడు దారులున్నాయి. ఎవరినన్నా చేబదులు అడగొచ్చు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టొచ్చు. రెండూ కుదరకపోతే పొలంలో ఒక ముక్క అమ్మాలి. అదీ పది రోజుల్లో. పది రోజుల్లో పొలం అమ్మితే ఎంతొస్తుంది? అవసరంలో ఉన్నాడని కొనేవాడికి తెలిసిపోతుంది, అయినకాడికి అమ్ముకోవాల్సిందే. దానికంటే ఘోరం ఇంకొకటుంది. "ఆయన పొలం బేరం పెట్టాడంట" అనే మాట ఊళ్లో పాకుతుంది. అప్పటిదాకా వచ్చే ఏడు తీసుకుందాంలే అనుకున్న అప్పులవాళ్లు కూడా మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఉంటారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. 2023 మార్చిలో అమెరికాలో ఒక పెద్ద బ్యాంకుకి సరిగ్గా ఇదే జరిగింది. అక్కడికి వస్తాను.

ముందు బ్యాంకు సంగతి. మీరు బ్యాంకులో వేసిన డిపాజిట్ మీకు ఆస్తి. బ్యాంకుకి? బ్యాంకుకి అది అప్పు. కామర్స్ పిల్లలు తలూపుతున్నారు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకే ఇది మింగుడుపడలేదు. డిపాజిట్ టార్గెట్ కొట్టినందుకు మేనేజరుగారికి శాలువా కప్పుతారు. నిజానికి ఆయన చేసిందేమిటి? ఇంకొంచెం అప్పు చేశాడు. అప్పు తెచ్చినందుకు శాలువా కప్పే వ్యాపారం లోకంలో ఇదొక్కటే.

ఆ అప్పు తెచ్చి ఏం చేస్తాం? మీ అబ్బాయికి ఇరవై ఏళ్ల హోమ్ లోన్ ఇస్తాం. తెచ్చింది ఏడాది ఎఫ్‌డీ, ఇచ్చింది ఇరవై ఏళ్ల లోను. అంటే ఆ ఒక్క లోను నిలబడాలంటే మీలాంటివాళ్లు ఆ ఎఫ్‌డీని పంతొమ్మిది సార్లు తిరగరాయాలి. ఒకళ్లు తీసుకుంటే ఇంకొకళ్లు వెయ్యాలి. తప్పు కదా, మోసం కదా అని ఎవరైనా అనొచ్చు. కాదండీ. బ్యాంకు అనేది ఉన్నదే అందుకు. మీకు ఇరవై ఏళ్లు డబ్బు కట్టిపెట్టుకోవడం ఇష్టం లేదు, ఇల్లు కట్టుకునేవాడికి ఏడాదిలో తీర్చే శక్తి లేదు. ఇద్దరి మధ్యా కాలం తేడాని బ్యాంకు తన నెత్తిన పెట్టుకుంటుంది. దానికే దానికి జీతం. ఆ నెత్తిన పెట్టుకున్నది ఎంత బరువో రోజూ తూచుకోవడమే ఏఎల్ఎం.

ఎలా తూస్తారు? చాలా మొరటు పద్ధతి. రిజర్వు బ్యాంకు 1999 ఫిబ్రవరిలో మార్గదర్శకాలిచ్చింది, ఆ ఏప్రిల్ ఒకటి నుంచి అమలు. ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీస్తాం. మేం వాటిని బకెట్లు అంటాం. ఇప్పుడున్న లెక్కలో మొదటి బకెట్ రేపు. తర్వాత రెండు నుంచి ఏడు రోజులు, ఎనిమిది నుంచి పద్నాలుగు, పదిహేను నుంచి ముప్ఫై, తర్వాత రెండు నెలలు, మూడు నెలలు, ఆరు నెలలు, అలా ఐదేళ్లు దాటినవాటి దాకా. ప్రతి బకెట్లో ఎంత రావాలి, ఎంత పోవాలి. పోయేది ఎక్కువైతే దాన్ని నెగెటివ్ గ్యాప్ అంటాం. రేపటి బకెట్లో ఆ గ్యాప్ పోయే డబ్బులో 5 శాతం దాటకూడదు. వారం దాకా కలిపి చూస్తే 10, రెండు వారాలకి 15, ముప్ఫై రోజులకి 20. దగ్గరగా ఉన్న రోజుకి హద్దు గట్టిగా, దూరం జరిగేకొద్దీ కాస్త వదులుగా. ఎందుకు? దూరంగా ఉన్నదాన్ని సర్దుకోడానికి టైముంది. రేపటిని సర్దుకోడానికి ఈ రాత్రి ఒక్కటే ఉంది.

ఇంతవరకూ ఆరో తరగతి లెక్కే. చిక్కు ఎక్కడుందంటే, మీ సేవింగ్స్ ఖాతా ఏ బకెట్లో వెయ్యాలి?

ఆలోచించండి. ఎఫ్‌డీకి తారీఖుంది. సేవింగ్స్‌కి తారీఖు లేదు. రేపు పొద్దున మీరందరూ వచ్చి అడిగితే ఇవ్వాల్సిందే. రూలు ప్రకారం చూస్తే మొత్తం రేపటి బకెట్లోనే వెయ్యాలి. అలా వేస్తే ఏ బ్యాంకూ ఒక్క లోను ఇవ్వలేదు. ఇంకోపక్క అనుభవం ఏం చెప్తుంది? ఈ హాల్లో ఎంతమంది ఖాతాలో పదేళ్లుగా ఒక పాతికవేలో ముప్ఫైవేలో కదలకుండా పడి ఉన్నాయి? చూశారా, చేతులు లేస్తున్నాయి. మీకు తెలియకుండానే మీరు బ్యాంకుకి పదేళ్ల అప్పు ఇచ్చారు, చాలా చవగ్గా. అందుకని రిజర్వు బ్యాంకు ఒక ఉజ్జాయింపు చెప్పింది. సేవింగ్స్‌లో 10 శాతం, కరెంటు ఖాతాల్లో 15 శాతం రెండు వారాల్లో పోవచ్చనుకోండి, మిగతాది ఏడాది నుంచి మూడేళ్ల బకెట్లో వేసుకోండి, మీ దగ్గర సొంత పరిశీలన ఉంటే దాని ప్రకారం మార్చుకోండి అని.

ఆ సొంత పరిశీలన అనే మాటలోనే మొత్తం విద్య ఉంది. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అర్థమైంది ఇదొక్కటే అనుకోండి. లోన్ల వైపు చూసేవాళ్లు బ్యాంకులో వెయ్యిమంది ఉంటారు. ఎవడు కడుతున్నాడు, ఎవడు ఎగ్గొడుతున్నాడు, ఫైళ్లకి ఫైళ్లు. డిపాజిట్ వేసినవాడి మనసు ఎవరికీ పట్టదు. వాడు ఎప్పుడు వస్తాడు? ఎందుకు వస్తాడు? ఒక్కడే వస్తాడా, పక్కవాణ్ని కూడా వెంటబెట్టుకొస్తాడా?

డెల్టా బ్రాంచి మేనేజరుకి ఇది పుస్తకం లేకుండానే తెలుసు. సంక్రాంతి దాటాక ధాన్యం డబ్బుతో ఖాతాలు నిండుతాయి. జూన్, జులైలో ఫీజులకీ ఎరువులకీ ఖాళీ అవుతాయి. మాఘమాసం ముహూర్తాలు బాగా ఉంటే ఇంకా ముందే ఖాళీ. పంచాంగం చూసి క్యాష్ ఇండెంట్, అంటే ఇంత నగదు పంపండి అని అడిగే కాగితం, పెట్టే క్యాషియర్ని నేను చూశాను. నవ్వకండి, ఆయన అంచనా మా కంప్యూటర్ కంటే బాగుండేది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ట్రెజరీలో, అంటే బ్యాంకు డబ్బు సర్దుబాట్లు చూసే విభాగంలో, ఉన్న రోజులవి. బ్యాంకు పేరు వద్దు, ఇప్పుడు ఎందుకులెండి. ఒక పెద్ద డిపాజిటరు ఉండేవారు. ఒకే ఖాతా, కోట్లలో. ఏడాది డిపాజిట్, గడువు రాగానే తిరగరాసేవారు. అలా నాలుగేళ్లు చేశారు. ఐదో ఏడు నేనేం చేశాను? ఎలాగూ తిరగరాస్తారుగా అని ఆ సొమ్ముని తీసుకెళ్లి దూరపు బకెట్లో వేశాను. కాగితం మీద గ్యాప్ ముచ్చటగా ఉంది. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. మార్చి ఆఖరి వారంలో ఫోనొచ్చింది, మొత్తం తీసేస్తున్నామని. మార్చి ఆఖరంటే తెలుసుగా, ప్రతి బ్యాంకుకీ డబ్బు కావాలి, చేబదులు వడ్డీ కొండెక్కి కూర్చుంటుంది. మేం కాల్ మనీ అంటామే, అది బ్యాంకుల మధ్య చేబదులే. రెపో అంటామే, అది బాండ్లు పెట్టి తీసుకునే బంగారం తాకట్టు లాంటిదే. ఆ వారం రెండూ వాడాం. గండం గడిచింది. కానీ నాలుగేళ్లు ఒకడే చేసిన పనిని చూసి నలభై వేలమంది చేసే పనిలాగా నమ్మాను చూడండి, అదీ తప్పు. నలభై వేల చిన్న ఖాతాలకి ఒక అలవాటు ఉంటుంది. ఒక పెద్ద ఖాతాకి ఒక నిర్ణయం ఉంటుంది. రెండూ ఒకటి కాదు.

ఈ తేడా పట్టుకుంటే సిలికాన్ వ్యాలీ బ్యాంకు కథ సగం అర్థమైనట్టే.

కాలిఫోర్నియాలో శాంటాక్లారా. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు, ఈ హాల్లోనే పది కుటుంబాల పిల్లలు ఉండి ఉంటారు. అక్కడి స్టార్టప్ కంపెనీలకి అది ఆస్థాన బ్యాంకు. 2019 చివర్లో ఆ బ్యాంకు డిపాజిట్లు దాదాపు 6,200 కోట్ల డాలర్లు. 2021 చివరికి దాదాపు 18,900 కోట్ల డాలర్లు. రెండేళ్లలో మూడింతలు! కోవిడ్ టైములో పెట్టుబడిదారులు స్టార్టప్‌లకి డబ్బు కుమ్మరించారు, స్టార్టప్‌లు ఆ డబ్బు తెచ్చి ఇక్కడ పెట్టాయి. ఒక్కో ఖాతాలో కోట్ల డాలర్లు. అమెరికాలో డిపాజిట్ బీమా రెండున్నర లక్షల డాలర్ల దాకానే. ఈ బ్యాంకు డిపాజిట్లలో 90 శాతం పైన ఆ హద్దు దాటినవే.

అంత డబ్బు వచ్చిపడింది, ఏం చెయ్యాలి? అన్ని లోన్లు ఇవ్వలేరు. అందుకని బాండ్లు కొన్నారు. అమెరికా ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వం వెనకున్న ఇళ్ల రుణాల బాండ్లు. ఎగ్గొడతారన్న భయం ఉందా? పైసా కూడా లేదు. ప్రపంచంలో అంతకంటే భద్రమైన కాగితం లేదు. కాకపోతే ఎక్కువ భాగం పదేళ్లు, అంతకు మించిన గడువు. వడ్డీ ఒకటిన్నర శాతం, కాస్త అటూ ఇటూ.

ఇక్కడ ఒక్క లెక్క చెప్తాను, ఓపిక పట్టండి. మీ దగ్గర వంద రూపాయల బాండు ఉంది. ఏడాదికి రూపాయిన్నర వడ్డీ, పదేళ్ల గడువు. మర్నాడు బజార్లో కొత్త బాండ్లు నాలుగున్నర రూపాయల వడ్డీతో వచ్చాయి. మీ బాండు నేను వందకి కొంటానా? ఎందుకు కొంటాను! వందకి నాలుగున్నర వస్తుంటే రూపాయిన్నరకి నాకేం ఖర్మ? ఎంతకి కొంటానో లెక్కవేస్తే దాదాపు 76 రూపాయలు. ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ దొంగతనం చెయ్యలేదు, వందలో ఇరవై నాలుగు రూపాయలు ఆవిరి. పదేళ్లూ ఆగితే మీ వంద మీకొస్తుంది. ఆగగలిగితే. ఏఎల్ఎం మొత్తం ఆ "ఆగగలిగితే" అన్న మాట దగ్గరే ఉంది.

2022 మార్చి నుంచి ఏడాది లోపల అమెరికా ఫెడ్, అంటే అక్కడి రిజర్వు బ్యాంకు, వడ్డీని సున్నా దగ్గర నుంచి నాలుగున్నర దాటించింది. నేను చెప్పిన లెక్కే జరిగింది. 2022 చివరికి, గడువు దాకా ఉంచుకుంటాం అని వాళ్లు రాసుకున్న బాండ్ల మీదే దాదాపు 1,500 కోట్ల డాలర్ల నష్టం దాగుంది. బ్యాంకు సొంత మూలధనమే దాదాపు 1,600 కోట్లు. పుస్తకాల్లో ఆ నష్టం కనపడదు, అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఉంచుకుంటాం అన్నాక నష్టం లెక్కలోకి రానక్కర్లేదని రూలు.

మరి డిపాజిటర్లు ఉంచుతారా? వడ్డీ పెరిగేసరికి స్టార్టప్‌లకి కొత్త పెట్టుబడులు ఆగిపోయాయి. జీతాలకి పాత డబ్బే తీసుకుంటున్నారు. అంటే వడ్డీ పెరగడం అనే ఒకే ఒక కారణం అటు బాండ్ల ధర పడేసింది, ఇటు డిపాజిట్లని తోడేసింది. రెండు గండాలు విడివిడిగా వస్తాయని లెక్కవేసుకుంటాం మనం. చాలాసార్లు అవి అక్కాచెల్లెళ్లు, కలిసే వస్తాయి.

వాళ్లకి ఏఎల్ఎం లేదా? ఉంది. రిస్కు లెక్కగట్టే మోడల్ ఉంది, కమిటీ ఉంది, హద్దులున్నాయి. తర్వాత ఫెడ్ వేసిన సమీక్ష చదివితే నాకు ఒళ్లు మండింది. 2022 ఏప్రిల్లో మోడల్ ఎర్రజెండా చూపిస్తుంటే వాళ్లేం చేశారో తెలుసా? మా డిపాజిట్లు మేం అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఉంటాయి అని మోడల్లో అంచనా మార్చారు. గడువు పొడిగించారు. కాగితం మీద గ్యాప్ తగ్గిపోయింది. బ్యాంకులో ఒక్క డాలరు రిస్కు తగ్గలేదు. జ్వరం వస్తే థర్మామీటరు గీతలు చెరిపి మళ్లీ గీసుకున్నారు. వడ్డీ పెరిగితే కాపాడే హెడ్జ్‌లు కొన్ని ఉంటే అవి కూడా ఆ ఏడాదే తీసేశారు. రిస్కు చూసే పెద్ద అధికారి కుర్చీ నెలల తరబడి ఖాళీ. నా మార్చి నెల తప్పు చెప్పాను కదా, ఇదీ ఆ తప్పే. నేను ఒక్క డిపాజిట్‌కి చేశాను, వాళ్లు బ్యాంకు మొత్తానికి చేశారు.

2023 మార్చి 8, బుధవారం. 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మాం, 180 కోట్ల నష్టం వచ్చింది, షేర్లు అమ్మి 225 కోట్లు సమకూర్చుకుంటాం అని ప్రకటించారు. నిజాయితీగా చెప్పారు పాపం. కానీ మన రైతు గుర్తున్నాడా? "పొలం బేరం పెట్టాడంట." మర్నాడు గురువారం ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు బయటికి పోయాయి. శుక్రవారానికి ఇంకో పదివేల కోట్లు తీసేస్తామని వరసలో ఉన్నాయి. శుక్రవారం అధికారులు బ్యాంకుని మూసేశారు. వరస అన్నాను గానీ బ్రాంచి ముందు పెద్ద వరస ఏముంటుంది, అంతా ఫోన్లోనే. పెట్టుబడిదారులు తమ కంపెనీలన్నిటికీ మెసేజి పెట్టారు, తీసెయ్యండి అని. పైకి వేల ఖాతాలు. లోపల చూస్తే ఒకే గుంపు, ఒకే వాట్సాప్, ఒకే మాట. శని, ఆదివారాలు అక్కడి మన పిల్లలకి ఎంత టెన్షనో, సోమవారం జీతాలు పడతాయో లేదో అని. ఆదివారం సాయంత్రానికి ప్రభుత్వం డిపాజిట్లన్నిటికీ హామీ ఇచ్చాక ఊపిరి పీల్చుకున్నారు.

పదేళ్లూ ఆగితే ఆ బాండ్ల మీద ప్రతి డాలరూ తిరిగొచ్చేదే. పదేళ్లు కాదు, రెండు రోజులు కూడా ఆగనివ్వలేదు.

మన దగ్గర ఇలాంటిది జరగలేదా? జరిగింది, వేరే వేషంలో. 2018. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్. రోడ్లు, సొరంగాలు, కరెంటు ప్రాజెక్టులు కట్టించే గుంపు. వందల అనుబంధ కంపెనీలు, మొత్తం అప్పు దాదాపు 91 వేల కోట్ల రూపాయలు. టోల్ రోడ్డు మీద పెట్టిన డబ్బు ఎన్నేళ్లకి తిరిగొస్తుంది? పదిహేను, ఇరవై, పాతిక. దానికి తెచ్చిన డబ్బులో పెద్ద భాగం ఏడాది లోపు కమర్షియల్ పేపర్లు, అలాంటివి. మన భాషలో ప్రామిసరీ నోటు. మూడు నెలల నోటు రాసి పాతికేళ్ల రోడ్డు వేశారు. మూడు నెలలకోసారి పాత నోటు చింపి కొత్త నోటు రాయాలి. దాన్ని రోల్ ఓవర్ అంటాం. తిరగరాసేవాడు ఉన్నంతకాలం ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది, వడ్డీ కూడా చవక. ఆగస్టు దాకా ట్రిపుల్ ఏ రేటింగు, అంటే అన్నిటికంటే భద్రం అని. సెప్టెంబరు తిరక్కుండానే డీ. డీ అంటే ఎగ్గొట్టారని. అక్టోబరు 1న కేంద్రం బోర్డునే మార్చేసింది.

దానికి ఏఎల్ఎం ఒక్కటే కారణం కాదు, లోపల ఇంకా చాలా కంపు ఉంది, అది వేరే ప్రసంగం. నేను చెప్పదలచుకుంది తర్వాతి సంగతి. ఆ నోట్లు కొనేదెవరు? మ్యూచువల్ ఫండ్లు, ముఖ్యంగా లిక్విడ్ ఫండ్లు, అంటే తక్కువ గడువు కాగితాలే కొనేవి. వాళ్లు భయపడి మిగతా ఫైనాన్స్ కంపెనీల నోట్లు తిరగరాయడం కూడా తగ్గించేశారు. సెప్టెంబరు 21న ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ నోట్లని ఎవరో ఎక్కువ వడ్డీకి, అంటే తక్కువ ధరకి, అమ్మారని తెలిసి దాని షేరు ఒక్కరోజులో 40 శాతం పైన పడిపోయింది. ఆ రోజుకి ఆ కంపెనీ ఎవరికీ ఎగ్గొట్టలేదు. పొలం బేరం, మళ్లీ. మర్నాటి ఏడు రిజర్వు బ్యాంకు ఫైనాన్స్ కంపెనీలకి కూడా ఈ బకెట్ల హద్దులు బిగించింది. చేతులు కాలాకే మరి, కానీ బిగించింది.

ఇప్పటిదాకా చెప్పినవాళ్లంతా దగ్గర అప్పుతో దూరపు ఆస్తి కొన్నవాళ్లు. జీవిత బీమా కంపెనీకి సరిగ్గా తలకిందుల జబ్బు. పాతికేళ్ల అమ్మాయి ఈరోజు ఒక పెన్షన్ పాలసీ తీసుకుంది. కంపెనీ ఇచ్చిన మాట ఎన్నేళ్లు నిలవాలి? ఆవిడ తొంభై ఏళ్లు బతికితే అరవై ఐదేళ్లు. అంతకాలం గడువున్న బాండు బజార్లో ఎక్కడుంది? మన దేశంలో నలభై ఏళ్ల ప్రభుత్వ బాండు 2015లో వచ్చింది, యాభై ఏళ్లది 2023లో. ఎవరి కోసం అనుకున్నారు? బీమా కంపెనీల కోసమే ఎక్కువగా. యాభై ఏళ్ల బాండు ఎవరు కొంటారండీ, పిచ్చివాళ్లు కాకపోతే అని నన్నొకాయన అడిగాడు. అరవై ఐదేళ్ల మాట ఇచ్చినవాడు కొంటాడు. వాడికి పదేళ్ల బాండే రిస్కు. పదేళ్లయ్యాక వడ్డీ ఎంతుంటుందో వాడికి తెలీదు.

జపాన్‌లో ఇదే కొంపముంచింది. 1980ల్లో బీమా కంపెనీలు ఐదున్నర శాతం, అంతకు పైన కూడా వడ్డీకి హామీ ఇచ్చి పాలసీలు అమ్మాయి. 1990లు ముగిసేసరికి అక్కడ పదేళ్ల ప్రభుత్వ బాండు మీద రెండు శాతం కూడా లేదు. మాట ఐదున్నర, రాబడి రెండు. 1997లో నిస్సాన్ మ్యూచువల్‌తో మొదలై 2001 లోపల ఏడు జీవిత బీమా కంపెనీలు కూలిపోయాయి. చూశారా, అమెరికా బ్యాంకుని వడ్డీ పెరగడం చంపింది, జపాన్ బీమాని వడ్డీ తగ్గడం చంపింది. వడ్డీ పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా అని టీవీలో అడుగుతుంటారు. ఎవరికి? ముందు అది చెప్పాలి.

దీనికి మందు 1952లోనే ఉంది. ఫ్రాంక్ రెడింగ్టన్ అని ఇంగ్లండులో ఒక ఆక్చువరీ, అంటే బీమా లెక్కలు కట్టే నిపుణుడు. ఆయన చెప్పింది టూకీగా ఇది: మీరు ఇవ్వాల్సిన డబ్బుల సగటు గడువు, మీకు రావాల్సిన డబ్బుల సగటు గడువు ఒకటిగా ఉండేట్టు బాండ్లు కొనుక్కోండి, ఇంకో షరతు కూడా ఉందిలెండి, అప్పుడు వడ్డీ కొంచెం అటూ ఇటూ కదిలినా రెండు సిబ్బెలూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. త్రాసు ముల్లు కదలదు. కొంచెం కదిలితేనే సుమా. ఎక్కువ కదిలితే మళ్లీ సరిచూసుకోవాలి, ముల్లు చూసేవాడు నిద్రపోకూడదు.

మందు వాడినా ఒకోసారి వికటిస్తుంది. బ్రిటన్‌లో పెన్షన్ ఫండ్లు ఇలా త్రాసు సరిపెట్టుకోడానికి అప్పుచేసి మరీ బాండ్లు పట్టుకున్నాయి. 2022 సెప్టెంబరులో అక్కడి మినీ బడ్జెట్ దెబ్బకి బాండ్ల వడ్డీ నాలుగైదు రోజుల్లో ఎగిసిపడింది. అసలు లెక్కలో పెన్షన్ ఫండ్లకి అది లాభమే, వడ్డీ పెరిగితే ముందుముందు ఇవ్వాల్సిన పెన్షన్ల ఈనాటి విలువ తగ్గుతుంది. కానీ అప్పిచ్చినవాళ్లు ఈరోజే ఇంకా పూచీ కట్టండి అన్నారు. చేతిలో డబ్బు లేక బాండ్లే అమ్మారు, అమ్మేకొద్దీ ధర ఇంకా పడింది. బ్రిటన్ రిజర్వు బ్యాంకు లాంటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే దిగి కొనాల్సొచ్చింది. ముప్ఫై ఏళ్ల లెక్క సరిగ్గా ఉంది, మూడు రోజుల లెక్క తప్పింది.

టైమెంతయింది? సరే, ఒకట్రెండు ప్రశ్నలు తీసుకుందాం. అడగండి బాబూ.

మన బ్యాంకులకి సిలికాన్ వ్యాలీ బ్యాంకు గతి పట్టదా అంటున్నాడు. మంచి ప్రశ్న. మన బ్యాంకుల దగ్గర బాండ్లు లేవా అంటే, బోలెడు. డిపాజిట్లలో 18 శాతం చట్టం ప్రకారమే ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో ఉండాలి. 2022 మే నుంచి ఏడాది లోపల మన దగ్గరా రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి ఆరున్నరకి వెళ్లింది. బాండ్ల మీద దెబ్బ తగిలింది కూడా. అయినా ఎందుకు తట్టుకున్నాయి? మొదటి కారణం మీరే. పాతికవేలు పదేళ్లు కదపని మీరు. ఐదు లక్షల దాకా బీమా ఉన్న కోట్ల చిన్న ఖాతాలు. వాటికి ఒకే వాట్సాప్ గ్రూపు లేదు. ఇకముందు ఉండదా అంటే చెప్పలేం. రిజర్వు బ్యాంకుకీ ఆ అనుమానం వచ్చినట్టే ఉంది. ఫోన్లో, ఇంటర్నెట్లో నడిపే డిపాజిట్లు మామూలు కంటే ఇంకో రెండున్నర శాతం ఎక్కువ పోవచ్చని లెక్కవేసుకోండి అని 2025లో చెప్పింది, 2026 ఏప్రిల్ నుంచి అమలు.

రెండో కారణం మీకు నచ్చదు. వడ్డీ రిస్కుని బ్యాంకు తన దగ్గర ఉంచుకోలేదు, మీకిచ్చేసింది. 2019 అక్టోబరు 1 నుంచి కొత్త హోమ్ లోన్లలో మారే వడ్డీవన్నీ బయటి రేటుకి, ఎక్కువగా రెపోకి, ముడిపెట్టారు. రెపో పెరిగితే మీ వడ్డీ పెరుగుతుంది. అమెరికాలో ముప్ఫై ఏళ్లకీ ఒకటే వడ్డీ, అందుకే రిస్కు అక్కడ బ్యాంకు మీదో బాండు కొన్నవాడి మీదో ఉంటుంది. ఇక్కడ మీ మీద. ముప్ఫై లక్షల లోను, ఏడు శాతం, ఇరవై ఏళ్లు. ఈఎమ్ఐ దాదాపు 23,260. వడ్డీ తొమ్మిదిన్నర అయిందనుకోండి. మొదటి నెల వడ్డీయే 23,750! ఈఎమ్ఐ మొత్తం కట్టినా అసలు తగ్గకపోగా పెరుగుతుంది. ఆ ఏడాది చాలామందికి ఈఎమ్ఐ మారలేదు, లోను గడువు మాత్రం చెప్పకుండా పాకింది. రిటైరైన తర్వాత కూడా కిస్తీలు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కలగజేసుకొని, కట్టేవాణ్ని అడగండి, ఈఎమ్ఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అని అడగండి, స్థిర వడ్డీకి మారే అవకాశం కూడా ఇవ్వండి అంది.

అలా అడుగుతూ బ్యాంకు పంపిన ఉత్తరం మీలో ఎంతమందికి వచ్చింది? రెండు చేతులు. వచ్చినా చదవకుండా డ్రాయర్లో పడేసినవాళ్లు? అదీ. ఇంటికెళ్లి లోను స్టేట్‌మెంట్ తీసి ఆఖరి కిస్తీ తారీఖు చూడండి. లోను తీసుకున్ననాటి కాగితంలో ఉన్న తారీఖుతో పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంకు బకెట్లోంచి ఎన్నేళ్లు మీ బకెట్లోకి వచ్చాయో కనపడుతుంది.

ఇంకొక ప్రశ్న ఉందా అమ్మా? చీటీల గురించా. చీటీ పాట సంగతి చెప్పాలంటే ఇంకో గంట. వాచ్‌మన్ తాళాలు పట్టుకొని ఇందాకటి నుంచి నన్నే చూస్తున్నాడు. వాన తగ్గినట్టుంది, రండి, బయట టీ కొట్టు దగ్గర మాట్లాడుకుందాం.